మా అబ్బాయిని నాయకుడిగా పెంచడం ఆపించవలసిందిగా

మండల విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,
పలాస దాపున ఉద్దానం పల్లెలో కాపురముంటున్న జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని గౌరీశంకర్ గారి భార్య ప్రసన్నలక్ష్మి రాసుకున్న అర్జీ.

విషయం: మా అబ్బాయి శ్యాంసుందర్‌ను తల్లి సంతకంపై తొమ్మిదో తరగతిలో తిరిగి చేర్చుకొనుట గురించి.

అయ్యా,

తమ విలువైన కాలం వృథా చేయడం నా ఉద్దేశం కాదు. నిరుడు మా మేడ మీది గదికి రిబ్బన్ కత్తిరించడానికి తమరు ఒక పూటంతా వెచ్చించారు కనుక, ఈ కాగితం చదివేపాటి తీరిక ఉంటుందని నమ్ముతున్నాను.

1. నా భర్త సర్పంచిగా పోటీ చేసి ఓడిపోయారు. చిన్నప్పుడు అందరి పిల్లలతో కలిసి చదువుకోవడం వల్లే తనకు ఆ గతి పట్టిందని తేల్చుకున్నారు. అందుచేత కొడుకును బడి మాన్పించి, ఇంట్లోనే నాయకత్వ విద్య ప్రారంభించారు. ఇందు నిమిత్తం విశాఖపట్నం నుంచి సీతారాం అనే మెంటారును రప్పించారు. ఈయన దేనికైనా నాయకత్వం వహించిన దాఖలా లేదు. మా వంటమనిషి సరోజిని కూడా ఆయన మాట వినదు. ఆ మేడ గది ప్రారంభోత్సవం నాడు "ప్రతి ఇల్లూ ఇలాంటి బడి కావాలి" అని సెలవిచ్చి, జీడిపప్పు డబ్బా చంకన పెట్టుకుని తమరు జీపెక్కారు.

2. సదరు సీతారాం గారు నేర్పిన విద్య: ముందుగా తాను నవ్వరాదు. అడిగినవారికి వెంటనే జవాబివ్వరాదు. ఎదుటివారిని నిలబెట్టి తాను కూర్చోవాలి. లెక్కలూ సైన్సూ నాయకుడి కింద పనిచేసేవాళ్లకు. సాయంత్రాలు మా వాడు మేడ మీద ఉపన్యసించేవాడు. ప్రజలుగా నన్నూ సరోజినినీ కూర్చోబెట్టేవారు. ఎక్కడ చప్పట్లు కొట్టాలో మాకు సైగ చేసేవారు.

3. మా ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచే సన్యాసమ్మ భర్త బైరాగికి కిడ్నీలు పాడై, పలాసలో డయాలసిస్ చేయిస్తున్నారు. వాళ్లమ్మాయి ప్రవల్లికా మా వాడూ బడిలో ఒకే తరగతి చదివేవారు. మా వాడు ఆ ఇంట్లో కూర్చుని అన్నం తిన్న రోజులున్నాయి. మొన్న వానల్లో ఆటోలు తిరగక, సన్యాసమ్మ మా కారు అడగడానికి వచ్చింది. నేను ముందురోజే టెక్కలిలో మా చెల్లెలింటికి వెళ్లి ఉన్నాను. ఆ రోజు జరిగిందంతా సరోజిని చెప్పింది, అబ్బాయి అవునన్నాడు.

తండ్రీ గురువూ దీన్ని పాఠంగా తీసుకున్నారు. అబ్బాయిని తండ్రి కుర్చీలో కూర్చోబెట్టి, నిర్ణయం నువ్వే చెప్పాలన్నారు.

"బండి పంపించు సుందరా. మీ మావకి ఊపిరాడ్డం నేదు" అంది సన్యాసమ్మ.

మా వాడు నేర్పినట్టే కాసేపు ఆగి, "మీ సమస్య మా దృష్టికి వచ్చింది. పరిశీలించి తెలియజేస్తాం" అన్నాడు. సీతారాం గారు చప్పట్లు కొట్టారు. పిల్లవాడు ఆటకంటున్నాడేమో, ఇప్పుడు నవ్వుతాడేమోనని ఆమె కొంచెం నిలబడింది. తర్వాత "అలాగే బాబుగారూ" అని వానలోకి దిగిపోయింది. కారు షెడ్డులోనే ఉంది.

భావనపాడు నుంచి వస్తున్న చేపల వ్యాను వాళ్లు ఐసు పెట్టెలు రోడ్డు పక్కన దింపేసి, బైరాగిని పడుకోబెట్టి తీసుకెళ్లారు. వాళ్లకు నాయకత్వ శిక్షణ లేదు. మనిషి బతికాడు, ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు.

4. సన్యాసమ్మ ఆసుపత్రి నుంచి బట్టల కోసం ఇంటికి వచ్చిందని తెలిసి మా వాడు ఎవరికీ చెప్పకుండా వానలోనే సైకిలు మీద వెళ్లాడు. ప్రవల్లిక బయటికి రాలేదు. సన్యాసమ్మ తువ్వాలు ఇచ్చి, తల తుడుచుకుని వెళ్లమంది. వాడు తిరిగొచ్చి నా దగ్గర కూర్చుని, "తిడితే బాగున్ను గదమ్మా. మళ్లీ బాబుగారూ అంది" అన్నాడు.

ఆనాటి నుంచి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు. మితభాషిత్వం నాయకుడి లక్షణమని సీతారాం గారి నిర్ణయం. నా భర్త ఈ ప్రగతిని బంధువులకు ఫోను చేసి మరీ చెబుతున్నారు. అయ్యా, పిల్లవాడు రాత్రి కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాడు. దాన్ని ఏ లక్షణమంటారో తమరు కనుక్కుని చెప్పండి.

5. ఈ విషయమై తమ ఆఫీసుకు వచ్చాను. తండ్రి సంతకం ఉంటేనే బడిలో చేర్చుకుంటామన్నారు. నేను ఇల్లు చేరేలోగా తమరి ఫోను నా భర్తకు చేరింది. తమ శాఖలో ఇంత చురుకైన పని జరగడం నేనెరగను. కన్న తల్లి సంతకం పనికిరాదని ఏ ఉత్తర్వులో ఉందో దయచేసి చూపించగలరు. లేనిపక్షంలో వాణ్ని వెంటనే చేర్చుకోగలరు.

పై సంగతులు చిత్తగించవలెను. చిత్తమంటూ ఒకటి తమకుందని అనుకునే రాస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు (రాయకపోతే తీసుకోరని రాశాను),
ప్రసన్నలక్ష్మి

వి.సూ.: ఇది నా భర్తకు చదివి వినిపించే శ్రమ తమరికి అక్కర్లేదు. ఈ పొద్దున టిఫిను దగ్గర నేనే వినిపించాను. ఆయన అక్షర దోషాలు పట్టారు. సీతారాం గారు నా గొంతు వణికిందన్నారు. అప్పుడు మా వాడు లేచి, "మాస్టారూ, మీరు మీ ఊరెల్లిపోండి. నాన్నా, నేను బడికెల్తన్నాను" అన్నాడు. ఈ నాలుగు ముక్కలూ తమ ఆఫీసు వరండాలో కూర్చుని రాస్తున్నాను. వాడు నా పక్కనే ఉన్నాడు. సారు క్యాంపుకెళ్లారని మీ బంట్రోతు చెబుతున్నాడు. లోపల ఫ్యాను తిరుగుతోంది. మేం లేవం.