ఇడ్లీ బండిలో ఊపిరి మిషను

గోదావరిఖని,
మే 14.

ప్రభువునందు మిక్కిలి ప్రియమైన మా బిడ్డ క్రిస్టినాకు, నాన్న దీవించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం. ఊరికే ఆచారానికి రాసిన మాట కాదిది. ఈ ముక్క రాసే సమయానికి ఇంట్లో కరెంటుంది, ఆక్సిజన్ మిషను నడుస్తోంది, నా ముక్కుకు గొట్టం ఉంది, కనుక క్షేమమే. నువ్వూ, నీతో పాటు మఠంలో శిక్షణలో ఉన్న నోవిసు పిల్లలూ, మదర్ గారూ అక్కడ క్షేమమని తలుస్తాను. మఠానికి వచ్చే ఉత్తరాలు మదర్ గారు ముందు చదువుతారని నాకు తెలుసు. చదవనీ. చివర్లో కొంచెం పిరికితనం ఉంది, దానికి ఆమె నన్ను మన్నించాలి.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్టు ఎక్కితే నొప్పి, దిగితే నొప్పి, ఎవరైనా కూర్చోమంటే మాత్రం నొప్పి లేదు. అన్న ఎలా ఉన్నాడని అడిగావు. జ్యోతినగర్‌లో కాంట్రాక్టు పని అలాగే సాగుతోంది. ఆకాశ్ షిఫ్టు దిగి ఇంటికి రావడం మానేసి నేరుగా మన బండి దగ్గరికే వస్తున్నాడు. భోజనం కూడా అందులోనే. ఆ బండి ఏమిటో ఇప్పుడు చెబుతాను.

నువ్వు కన్యాస్త్రీగా దేవుడికి మాట ఇచ్చే పూజకు, ఆ కొండమీది మఠానికి, రైల్లో ఎందుకు రాకూడదని అడిగావు కదా. రైల్లో ఉన్న ప్లగ్గులు ఫోన్లకే గానీ నా మిషనుకు చాలవు. అంబులెన్సు సంగతి నువ్వు అడగలేదు, మీ అన్న అడిగాడు. నా బిడ్డ మాటపట్టుకు నేను స్ట్రెచరు మీద పడుకుని రానని చెప్పాను. అది నా మొండితనమే, ఒప్పుకుంటాను. అందుకని వాడు బసంత్‌నగర్ లారీల అడ్డా దగ్గర మూలనపడి ఉన్న ఒక టిఫిన్ బండిని కొన్నాడు. వెనక తగిలించుకుని లాక్కుపోయే బండి. పొయ్యి తీసేసి మంచం వేశాడు, కిటికీ పెట్టాడు. రంగు వేయడానికి తీరిక దొరకలేదు. పక్కన 'వేడి వేడి ఇడ్లీ, వడ' అన్న అక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి. నీ మఠం గేటు ముందు మేం దిగితే వంటకు సరుకులు వచ్చాయనుకుంటారేమో, ముందే చెప్పి ఉంచు.

ఇక సోలారు పలకల సంగతి. నా మిషను మూడు వందల యాభై వాట్లు లాగుతుంది. ఒక పగలూ రాత్రీ కలిపితే ఎనిమిది యూనిట్ల పైమాట. మంచం కింద పది యూనిట్లు పట్టే లిథియం బ్యాటరీలు పెట్టారు. పైకప్పు మీద పలకలు రెండే పట్టాయి. ఎండ బాగా కాస్తే అవి రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి. దారిలో పెట్రోలు బంకుల దగ్గర ప్లగ్గు దొరికితే అక్కడా ఎక్కించుకుంటాం. మబ్బు పడితే ఎలా అని అడిగావు. పడితే సగం కూడా రాదు. నీ ఉత్తరంలోనే పైన, మే నెలాఖరుకు మీ ఘాటు కొండదారిలో మబ్బులు కిందికి దిగుతాయనీ, చూడ్డానికి ఎంతో బాగుంటుందనీ రాశావు. నువ్వు సంతోషంగా రాసిన ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదువుకున్నానో, ఎంత దడతో చదువుకున్నానో నీకు చెప్పలేను.

బండిని లాగేది బుచ్చన్న బొలెరో. నీకు గుర్తుండే ఉంటాడు, బొగ్గుబాయిలో నాతో పాటు పనిచేసిన ఎలక్ట్రీషియన్. బ్యాటరీలకు పెట్టె నేనే చేస్తానని పట్టుబట్టాడు. బాయిలో అంటుకునే గ్యాసు ఉంటుంది కనుక అక్కడ ప్రతి స్విచ్చునూ మందపాటి ఇనుప డబ్బాలో పెట్టి, చుట్టూ బోల్టులు బిగిస్తారు. లోపలి నిప్పురవ్వ బయటికి రాకూడదు. ముప్పై ఏళ్ళు ఆ పని చేసిన చెయ్యి కదా, మన ఇడ్లీ బండికి కూడా అలాంటి డబ్బానే చేసింది. "సూది సందు గూడ లేదు సామ్యేలన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. నేను కూడా ఆ బోల్టులు తడిమి చూసి ధైర్యం తెచ్చుకున్నాను. మా ఇద్దరికీ అది తప్పని తోచలేదు.

పోయిన ఆదివారానికి ముందు ఆదివారం మొదటి పరీక్ష. ఇంటి ముందు ఎండలో బండి నిలిపి, ఇంటి కరెంటు తీసేసి, నన్ను అందులో పడుకోబెట్టారు. పొద్దున బాగానే ఉంది. మధ్యాహ్నం ఎండ ముదిరాక మిషను ఒక్కసారి కూసి ఆగిపోయింది. ఆ కూత నువ్వు వినలేదు, వినకపోవడమే మంచిది. మిషను లేకుండా, కదలకుండా ఉంటే నేను కొద్ది నిమిషాలు ఓర్చుకోగలను. ఆ తర్వాత ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది, గాలి నోటిదాకా వచ్చి వెనక్కి పోతుంది. మీ అమ్మ పరుగెత్తుకొచ్చి సిలిండరు తిప్పి గొట్టం మార్చింది. మోకాలి నొప్పి ఆ పూట ఎక్కడికి పోయిందో.

ఆకాశ్ బోల్టులు విప్పి చూస్తే డబ్బా పెనంలా కాలుతోంది. లోపలి వేడి బయటికి పోయే దారి లేక బ్యాటరీ తనంతట తనే ఆగిపోయింది. బుచ్చన్న గడపలో కూలబడ్డాడు. "నేనే గాలి ఆడకుంట బిగించిన అన్నా. బాయి అలవాటు పోలే. గాలాడని మనిషికి గాలాడని డబ్బా చేసిచ్చిన" అని తల పట్టుకున్నాడు. అతన్ని ఏమైనా అనడానికి నాకు ఊపిరి కూడా లేదు. అది ఆగిపోబట్టి సరిపోయింది, ఆగకపోతే అంటుకునేదని ఆకాశ్ తర్వాత చెప్పాడు. వాడు ధైర్యం చెబుతున్నాననుకున్నాడు. అప్పటినుంచి ఆ మంచం మీద వెన్ను ఆనిస్తే చాలు, కింద ఏదో రాజుకుంటోందని అనిపిస్తుంది.

డబ్బా మార్చారు. నాలుగు వైపులా జాలీ పెట్టి, చిన్న ఫ్యాన్లు బిగించి, బండిని నీడకు జరిపి మళ్ళీ చూశారు. ఈసారి రాత్రీ పగలూ ఆగకుండా నడిచింది. ఆకాశ్ ముఖంలో ఆ వెలుగు చూసి నేను కూడా నవ్వాను. లోపల మాత్రం చల్లబడిపోయాను బిడ్డా. బండి పనిచేస్తోందంటే ఇక నేను బయలుదేరాలి కదా.

ఆఖరి పరీక్షగా మొన్న గోదావరి వంతెన దాటి జైపూర్ దాకా వెళ్ళాం. బుచ్చన్న, ఆకాశ్ ముందు బొలెరోలో. నేను బండిలో మంచం మీద, మీ అమ్మ నా కాళ్ళ దగ్గర. వంతెన దాటాక పొలాల మధ్య రోడ్డు ఎగుడుదిగుడుగా ఉంది. అక్కడ మిషను మళ్ళీ కూసింది. మీ అమ్మ ఈసారి కంగారు పడలేదు. రెప్పపాటులో గొట్టం సిలిండరుకు మార్చి, బండి ఆపమని ఫోన్ చేసింది. ఆకాశ్ వచ్చి చూస్తే మిషను ప్లగ్గు ఊడి ఉంది. "కుదుపులకు ఊడింది" అన్నాడు. "ఈడ ఊడితే మనమున్నం. ఆ గుట్టల మీద మబ్బుల ఊడితె ఏంజేస్తవు?" అంది మీ అమ్మ. వెనక్కి తిరిగి వచ్చేశాం. రాలేమని నీకు తనే రాస్తానని, బ్యాటరీలు ఎవరికైనా ఇచ్చేస్తానని చెప్పి వాడు బండి మీద పట్టా కప్పేశాడు.

ఇప్పుడు దాచిన మాట చెబుతాను. ప్లగ్గు కుదుపులకు ఊడలేదు. మిషను కూయకముందే సిలిండరు తిప్పే తాళం మీ అమ్మ చేతిలో ఉంది. నేను కళ్ళారా చూశాను. చూసి కూడా నోరు మూసుకున్నాను.

ఎందుకంటే నాకు కోపం రాలేదు క్రిస్టినా. సంతోషం వేసింది. పోయే పని తప్పింది, తప్పు నామీదికి రాలేదు అనుకున్నాను. నా కొడుకు నిద్ర మాని కట్టిన బండి ఆగిపోతే లోలోపల మురిసిపోయాను. నాకు చావంటే భయం. ఊపిరి ఆడక, నోరు తెరుచుకుని, నువ్వు చూస్తుండగా చావడమంటే ఇంకా భయం. బాయిలో కూడా భయపడ్డాను గానీ అక్కడ పక్కన పదిమంది ఉండేవాళ్ళు, అందరి భయం ఒకటే కనుక ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. ఇక్కడ నా ఒక్కడి ముక్కుకే గొట్టం ఉంది.

నిన్న మధ్యాహ్నం మీ అమ్మ బియ్యం ఏరుతుంటే అడిగేశాను. "ప్లగ్గు నువ్వే పీకినవు గదా?"

తల ఎత్తలేదు. "ఆ, నేనే పీకిన. సిలిండరు తయారు పెట్టుకొనే పీకిన. ఏంజేస్తవో చెయ్యి."

"ఎందుకే?"

"పిల్లను యేసయ్యకిచ్చిన. మంచిగనే ఇచ్చిన, ఒక్కనాడు ఏడ్వలే. నిన్ను గూడ ఆ తొవ్వల ఇచ్చి రమ్మంటె నాతోని కాదు."

"నాకు కోపం రాలే సుసన్నా. మంచిగనిపిచ్చింది. పోవుడు తప్పిందనుకున్న."

అప్పుడు చాట పక్కన పెట్టి నా ముఖం చూసింది. "నీకు భయమైతాందా?"

"చానా."

"మరి చెప్పవేంది? బాయిల అన్నేండ్లు చేసినోనివి, నీకు భయం లేదనుకున్న. ఈ ఇంట్ల నేనొక్కదాన్నే భయపడి చస్తున్ననుకున్న." కొంగుతో ముక్కు తుడుచుకుంది. చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత తనే అంది: "పోకుంటె మాత్రం ఈ భయం పోతదా? ఈడ కరెంటు పోయినప్పుడల్ల సచ్చి బతుకుతలేమా? పోదాం. ఇద్దరం కలిసి భయపడుకుంట పోదాం."

సాయంత్రం ఆకాశ్‌కు తనే చెప్పింది, ప్లగ్గు పీకింది తానేనని. వాడు లేచి వెళ్ళి బండి మీద కప్పిన పట్టా తీసేశాడు. ఇప్పుడు అమ్మ షరతులు ఇవి: ఘాటు కింది ఊళ్ళో, దవాఖాన ఉన్నచోట ఒక రాత్రి ఆగాలి. సిలిండర్లు అనుకున్నదానికి రెట్టింపు తేవాలి. ప్లగ్గు దగ్గర ఆమె తప్ప ఎవరూ కూర్చోకూడదు. డాక్టరు గారు పైకి ఎక్కాక గాలి పలచబడుతుందని, జాగ్రత్త అని ఒక్క మాటే అన్నారు. ఆ ఒక్క మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నిజం చెప్పు నాన్నా, రాగలవా, అమ్మ నోట కాదు, నీ చేత్తో రాయి అని అడిగావు. రాగలనో లేదో నాకు తెలియదు. బయలుదేరుతున్నాను. ధైర్యం వచ్చి బయలుదేరడం లేదు, ఆ సంగతి నీకు తెలియాలి. దారి పొడుగునా భయపడుతూనే వస్తాను.

మిషను చర్చిలోకి తీసుకురాలేం, అక్కడ సిలిండరుతో కూర్చుంటాను. దివ్యపూజ అయ్యేదాకా అది సరిపోతుందని ఆకాశ్ లెక్క. తలుపు పక్కన వెనక బెంచీలో ఉంటాం, ఏదైనా అయితే జల్దీ బయటికి తీసుకుపోవడానికి. నీకు ఒక్కటే చెప్పాలి. పీఠం ముందు మోకరించి నువ్వు నీ మాట చెప్పేటప్పుడు వెనక ఏదైనా అలికిడి వినబడితే, ఎవరైనా లేచినట్టనిపిస్తే, తిరిగి చూడకు. మాట సగంలో ఆపకు. పూర్తిగా చెప్పి, ఆ మాట రాసిన కాగితం మీద సంతకం పెట్టి, ఆ తర్వాతే నా దగ్గరికి రా. నేను అంతదాకా పట్టుకుని ఉండటానికి చూస్తాను.

మదర్ గారికి మా నమస్కారాలు. ప్రభువు నిన్ను కాచుగాక.

ఇట్లు,
తన రాకకు తనే భయపడుతున్న
మీ నాన్న, సామ్యేల్

బిడ్డా, మీ నాన్న రాసింది మొత్తం సదివిన. అన్నీ నిజమే. ఆఖరి ముచ్చట మాత్రం ఇనకు. అలికిడైతె ఎనక్కి తిరిగి సూడు. దేవుడు ఏమనుకోడు. మీ నాన్న నిన్ను సూస్తనే ఉంటడు, ఆయనకు నీ మొకం కనబడాలె. – అమ్మ