నాలుగు మూలల పసుపు

డిసెంబర్ 8, ఆదివారం

ఇంద్రాణి పెళ్లి కుదిరింది. హైమవతి పొద్దున్నే వచ్చి చెప్పింది. లిఫ్ట్ కోసం కూడా ఆగలేదట, మెట్లెక్కి వచ్చింది. కుర్రాడికి గురుగ్రామ్‌లో ఉద్యోగం. పెళ్లి ఫిబ్రవరిలో, ఇక్కడే.

తన కూతురి పెళ్లి మాట తను చెబుతుంటే నేను కార్డు గురించి ఆలోచిస్తున్నాను. కాఫీ కలుపుతూనే కలశం మధ్యలో వేయాలా, మామిడాకుల తోరణం పైన ఒక్క వరస చాలా అని లెక్క వేసుకున్నాను. మేం మయూర్ విహార్‌కి వచ్చినప్పటి నుంచి వాళ్లింట్లో ఏ శుభకార్యమైనా కార్డు నా చేతిదే. ఇంద్రాణి ఓణీల ఫంక్షన్‌కి నేనే చేశాను. ఆ పిల్ల ఉద్యోగంలో చేరితే నేనే. వాళ్ల నాన్నకి ప్రమోషన్ వస్తే నేనే.

హైమవతి కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది. వదినా, ఈసారి నువ్వేం కష్టపడొద్దు, కార్డులన్నీ హారిక చేస్తానంది, అని చెప్పింది.

అచ్ఛా అన్నాను. ఇంకో గ్లాసు కాఫీ పోశాను.

డిసెంబర్ 9

కష్టపడొద్దట. ఇన్నాళ్లూ కష్టపడుతున్నానని నేనెప్పుడన్నా అన్నానా?

డిసెంబర్ 14

హారిక మా సొసైటీలోనే బి బ్లాక్‌లో ఉంటుంది. వాళ్ల నాన్న ఆర్మీలో చేశారు. కంటోన్మెంట్‌లో పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. సాకేత్‌లో ఒక కెఫేలో ఆడవాళ్లకి వర్క్‌షాప్ పెట్టి కార్డులు చేయడం నేర్పుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ ఉంది. అది నేను రోజూ చూస్తాను. లైక్ కొట్టను.

ఇవాళ శాంపిల్స్ చూడమని అందర్నీ పిలిచింది. హైమవతి నన్నూ తీసుకెళ్లింది.

ఆ పిల్ల పద్ధతి ఇది. స్టీలు ట్రేలో మగవాళ్లు గడ్డానికి రాసుకునే షేవింగ్ ఫోమ్ నింపింది. పెరుగు తోడుకున్నట్టు పైన చదును చేసింది. దాని మీద రంగు ఇంకు చుక్కలు చుక్కలుగా వేసి, పుల్లతో తిప్పింది. మందపు కాగితం బోర్లించి అదిమింది. పైకి తీస్తే కాగితం నిండా నురగ. ఇంతేనా అనుకున్నాను. స్కేలు పెట్టి నురగంతా ఒక్క గీకులో గీకేసింది. కింద నెమలి మెడ రంగు. సుళ్లు సుళ్లుగా. ఏ రెండు కార్డులూ ఒకలా రావట.

కాగితం ఆరాక దాని మీద రబ్బరు స్టాంపుతో కలశం అద్దింది. తడి ఇంకు మీద బంగారు పొడి చల్లి దులిపి, వేడిగాలి కొట్టే హీట్ గన్ పెట్టింది. పొడి కరిగి కలశం ఉబ్బెత్తుగా లేచింది. వేలితో తడిమితే తెలుస్తోంది. హైమవతి తడిమి తడిమి చూసింది.

హారిక నా స్టాంపులు కూడా తెమ్మందని డబ్బా పట్టుకెళ్లాను. అవి ఆఫీసు సీళ్లు చేసే షాపులో చేయించినవి. కలశం, దీపం, తోరణం, కొబ్బరి బోండాం. హారిక ఒక్కొక్కటీ తీసి చూసి, ఆంటీ, సో క్యూట్, ఎక్‌దమ్ వింటేజ్, అంది.

ఇంటికొచ్చి వింటేజ్ అంటే ఏమిటని ఆయన్ని అడిగాను. పాతది అన్నారు. నా మొహం చూసి, పాతదే కానీ మంచి పాతది, అన్నారు.

డిసెంబర్ 15

ఆయన సమాధానపరుస్తున్నారు. మా సెక్షన్‌లో కూడా అంతే అన్నపూర్ణా, ఇరవై ఏళ్లు నోట్ రాసినవాణ్ని నేను, కొత్త కుర్రాడు స్లైడ్లు వేసి చూపిస్తాడు, వాడికే గుడ్ అంటారు, అన్నారు.

మరి మీకు మంటగా ఉండదా అని అడిగాను. పేపర్ తిరగేశారు.

డిసెంబర్ 22

ఆయన మార్కెట్‌కి వెళ్లగానే ఆయన ఫోమ్ డబ్బా తీశాను. ట్రేలో నింపాను. పిల్లల వాటర్ కలర్ వేశాను. కాగితం అదిమి గీకాను. కింద బురద రంగు వచ్చింది. ఇంకోటి చేశాను. అదీ బురదే. మూడోది మధ్యకి చిరిగింది.

ట్రే కడుగుతుంటే నురగ తగ్గదే. అంతా సబ్బు. సింకు నిండిపోయింది.

డిసెంబర్ 23

పొద్దున ఆయన డబ్బా ఊపి చూసుకుని, నా సబ్బుతోనే గడ్డం చేసుకుని ఆఫీసుకి వెళ్లారు. ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది, కాస్త అరిచేదాన్ని.

జనవరి 5

హైమవతి వాళ్లింట్లో ఇప్పుడు హారిక పేరు తప్ప మాట లేదు. హారిక టీలో పంచదార వేసుకోదు. హారిక మెట్రోలోనే స్కెచ్ వేస్తుంది. హారికకి ఓపిక ఎక్కువ.

నాకూ ఓపిక ఎక్కువే. రెండు గంటలు కూర్చుని విన్నాను.

జనవరి 16

హైమవతి ఫోన్. కార్డులన్నీ అయిపోయాయి, ఆదివారం మంచి రోజు, పసుపు పెట్టుకుందాం అంది. వదినా, నాలుగు మూలలా పసుపు మాత్రం నీ చేత్తోనే పెట్టాలి, మా అత్తయ్యగారు మరీ మరీ చెప్పారు, అంది.

బంగారు కలశం ఆ పిల్లది. మూలలు నావి.

వస్తానన్నాను.

జనవరి 19, ఆదివారం, మధ్యాహ్నం

ఇప్పుడే వచ్చాను. చేతులింకా కడుక్కోలేదు.

అయిదుగురు ముత్తైదువలం కూర్చున్నాం. పసుపు పళ్లెం నా ముందు పెట్టారు. కార్డుల దొంతరలు హారిక తెచ్చి పెట్టింది. చీర కట్టుకుంది, కుచ్చిళ్లు ఇంద్రాణి పట్టి పెట్టిందట. మొదటి కార్డు దేవుడిది. నీళ్లలో కలిపిన పసుపు ఉంగరం వేలితో తీసి నాలుగు మూలలా పెట్టాను.

నాలుగో మూల పెట్టేసరికి మొదటి మూల ఎర్రబడింది.

నాకు తెలిసింది. అప్పుడే తెలిసింది. పసుపు మరక ఉన్న తువ్వాలుకి సబ్బు పెడితే ఎర్రబడుతుంది కదా, అదే. ఎంత గీకినా ఆ ఫోమ్ సబ్బు కాగితంలో ఉండిపోయింది. ఆ పిల్లకి తెలియదు. కుంకుమ బొట్టు కూడా స్టిక్కరే పెట్టుకుంటుంది, పసుపు గుడ్డ ఎప్పుడు ఉతికింది కనక.

దేవుడి కార్డు బోర్లించి పక్కన పెట్టాను. రెండోది తీసుకున్నాను. మూడోది. మిగతావాళ్లు కవర్లు మడుస్తూ పట్టుచీరల ధరలు మాట్లాడుకుంటున్నారు. నేను గబగబా పెట్టుకుంటూ పోయాను. నా చెయ్యి అంత చురుగ్గా ఎప్పుడూ ఆడలేదు. సగం పైగా అయ్యాయి.

ఇంద్రాణి కవర్లో పెట్టడానికి ఒకటి తిప్పింది. మమ్మీ, యే క్యా హువా, అని కేక పెట్టింది.

అందరూ లేచారు. నెమలి రంగు కార్డులు, నాలుగు మూలలా ఎండిన రక్తంలాంటి మరకలు. హైమవతి సోఫాలో కూలబడింది. పెళ్లి కార్డుకి ఇదేమి అపశకునమే అంది. ఒకావిడ, చూస్తే దెబ్బ తగిలినట్టుంది కదండీ, అని ఇంకా పెంచింది. హారిక మొహంలో రంగు పోయింది. ఆంటీ, మేరీ ఇంక్ నహీ హై, ప్రామిస్, అంటోంది. కళ్లలో నీళ్లు.

నాకు హాయిగా ఉంది. ఎక్కడా చెప్పుకోను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పండగ రోజు తలంటుకున్నంత హాయిగా ఉంది.

అప్పుడు హైమవతి అత్తగారు నాగేశ్వరమ్మగారు లోపలి గదిలోంచి వచ్చారు. కార్డు ఒకటి తీసుకుని బాల్కనీలోకి వెళ్లి వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. మూల గోటితో గీరారు. వాసన చూశారు. లోపలికొచ్చి, ఏమర్రా, ఏడుపులెందుకు, అన్నారు. మనం పసుపే పెట్టాం, కుంకుమ తనంతట తనే వచ్చి కూచుంది. నా డెబ్భై ఏళ్లలో ఇలాంటి శుభలేఖ చూడలేదు. అమ్మవారు ఒప్పుకుంది, లేవవే హైమా, అన్నారు. కార్డు కళ్లకద్దుకున్నారు.

అంతే. అందరూ కళ్లకద్దుకున్నారు. దెబ్బ తగిలినట్టుందన్నావిడే ముందు అద్దుకుంది. ఎలా చేశావమ్మాయ్ అని హారికని చుట్టేశారు. ఆ పిల్ల బిక్కమొహంతో నన్నూ కార్డునీ చూసింది. తర్వాత మెల్లగా నవ్వింది. ఇంద్రాణి నా వేలు కార్డు మీద పెట్టించి వీడియో తీసింది. పసుపు ఎర్రబడేది కనబడాలట. ఆంటీ, థోడా స్లో, అంది.

స్లోగా పెట్టాను.

అదే రోజు, సాయంత్రం

ఒకటి రాయలేదు.

వచ్చేస్తుంటే నాగేశ్వరమ్మగారు తాంబూలం ఇవ్వడానికి గుమ్మం దాకా వచ్చారు. జాకెట్టు ముక్క, అరటిపళ్లు నా కొంగులో పెడుతూ, మొదటి కార్డుకే ఎర్రబడి ఉంటుంది కదమ్మాయ్, అక్కడే ఆగొచ్చు కదా, అన్నారు. సాంబార్లో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అన్నారు. అంతటితో ఊరుకోలేదు. ఏం, మీ ఇంట్లో పసుపు గుడ్డలు సబ్బు పెట్టి ఉతకరా, అన్నారు.

నేను చెప్పులు వేసుకున్నాను. ఎడమది ఎక్కలేదు. చేత్తో పట్టుకుని లిఫ్ట్ దాకా నడిచాను.

జనవరి 20

బట్టలుతికాను. మిషన్‌లో వేయలేదు.

జనవరి 28

హైమవతి ఎప్పటిలాగే ఫోన్ చేస్తోంది. వదినా, గాజులకి తోడు రావా, అంటోంది. అంటే నాగేశ్వరమ్మగారు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఒకసారి సిగ్గుపడి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఫోన్ మోగినప్పుడల్లా ముందు ఆవిడే గుర్తొస్తున్నారు.

గాజులకి వెళ్లాను. వాళ్ల ఇంట్లోకి మాత్రం వెళ్లలేదు. కింద గేటు దగ్గరే నిలబడ్డాను. మోకాలు నొప్పి అన్నాను.

ఫిబ్రవరి 16

పెళ్లి బాగా జరిగింది.

కార్డు గురించి అనని వాళ్లు లేరు. పెళ్లికొడుకు తరఫువాళ్లలో ఒకాయన జేబులోంచి తీసి మరీ చూపించాడు. నోయిడా ఆవిడెవరో పంజాబీ ఆమె, ఈ రెడ్ కార్నర్స్ సౌత్ ఇండియన్ ట్రెడిషనా అని అడిగింది. హాఁజీ అంది హారిక. ఆ పిల్లకి అక్కడికక్కడే మూడు ఆర్డర్లు వచ్చాయి.

అంత తెలిసీ నోరు మూసుకున్నదాన్ని నేను. లాభం ఆ పిల్లకి.

భోజనాల దగ్గర నాగేశ్వరమ్మగారు పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఈ పిల్లకి ఇంకో బొబ్బట్టు వెయ్యండి అని వడ్డించేవాళ్లని కేకేశారు. నెయ్యి కూడా వేయించారు. ఇంకేమీ అనలేదు. తింటున్నంతసేపూ ఆ మాట ఎప్పుడంటారో అని చూశాను. రెండు బొబ్బట్ల రుచీ నాకు తెలియదు.

మార్చి 2

హారిక వచ్చింది. ఒక్కతే. ఎప్పుడూ మా ఇంటికి రాలేదు.

సోఫా అంచున కూర్చుంది. పెళ్లిలో వచ్చిన ఆర్డర్లలో ఒకటి, గురుగ్రామ్ వాళ్ల కార్డులు చేస్తోందట. వాళ్లకి రంగుల సుళ్లు వద్దు, తెల్ల కాగితం కావాలి, మూలలు మాత్రం ఇంద్రాణి కార్డులాగే ఎర్రగా రావాలి. ఆ పిల్ల తెల్ల కార్డు మీద పసుపు పెట్టింది. పసుపుగానే ఉంది. ఇంకో బ్రాండ్ తెచ్చింది. అదీ అంతే. ఐఎన్ఏ మార్కెట్‌కి వెళ్లి కొమ్ములు కొని మిక్సీ వేసింది. మిక్సీ బ్లేడ్ పోయింది.

ఆంటీ, సచ్ బతాయియే, ఆప్ కీ హల్దీ మే క్యా హై, అంది. నా హల్దీ ఏముంది, ఆ రోజు పళ్లెంలో కలిపింది హైమవతి ఇంటి పసుపే. ఆ పిల్లకి అది తెలియదు. నా వేలు పెడితే ఎర్రబడిందన్నదే చూసింది. వీడియోలో ఉన్నదీ అదే.

చెప్పొచ్చు. ఒక్క ముక్క. సబ్బు అంటే చాలు.

మాది దుగ్గిరాల వైపు, మా ఊరి పసుపు వేరు, అన్నాను.

హారిక కళ్లు పెద్దవి చేసింది. ఐసా క్యా, అంది. కొంచెం ఇస్తారా ఆంటీ, అని ఆ ముక్క తెలుగులో అడిగింది. ఆ పిల్ల నోట తెలుగు అదే మొదటిసారి వినడం. రేపు రమ్మన్నాను.

మార్చి 3

కింద కిరాణా షాపులో పసుపు తెచ్చాను. బట్టల సోడా తెచ్చాను. పాళ్లు తేల్చడానికి పొద్దున్నంతా పట్టింది. సోడా ఎక్కువైతే గోధుమ రంగుకి పోతోంది. తక్కువైతే ఎర్రబడటానికి ఆలస్యం. సరిపడా పడితే కుంకుమే. పొడిగా ఉన్నంతసేపు మామూలు పసుపులా ఉంటుంది, తడి తగలాలి.

పొట్లం కట్టి ఇచ్చాను. కూరలో వేయొద్దు, ఇది దేవుడి పసుపు అని చెప్పాను. రెండు చేతులా అందుకుంది.

మార్చి 11

గురుగ్రామ్ వాళ్లు మెచ్చుకున్నారట. హారిక తన పేజీలో నా పేరు పెట్టింది. అన్నపూర్ణేశ్వరి ఆంటీ కీ గావ్ వాలీ హల్దీ అని, అంటే మా ఊరి పసుపని. కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఇవాళ లైక్ కొట్టాను.

మార్చి 23

ఆర్డర్ వచ్చినప్పుడల్లా హారిక నా దగ్గరికి రావాల్సిందే. వస్తోంది. కాఫీ ఇస్తున్నాను. పంచదార లేకుండా. మొన్న హైమవతి, ఏం వదినా, మీ ఇద్దరూ బాగా కలిసిపోయారే, అంది. ఆ గొంతులో ఏదో ఉంది. నాకు బాగా తెలిసిన గొంతు అది.

కిరాణా భయ్యా, దీదీ, ఇత్నీ హల్దీ, ఇత్నా సోడా, కౌన్ సీ సబ్జీ బన్ రహీ హై, అని ఏ కూరో ఆరా తీశాడు. షాపు మార్చాలి.

మార్చి 30, ఉగాది

నాగేశ్వరమ్మగారు హారికతో కబురు పంపారు. ఆ పసుపు ఆవిడకీ ఒక పొట్లం కావాలట. పూజకి. పప్పులోకి కూడా పనికొస్తుందా అని అడగమన్నారట.

హారిక గుమ్మంలో నిలబడి ఉంది. వంటింట్లో రెండు డబ్బాలు, మామూలు పసుపుదీ సోడా కలిపిందీ, ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.