పదకొండో షీటులో గుండ్రటి గుడి

జులై 9, ఆదివారం మధ్యాహ్నం

చిన్న స్కేలుకి,

పెద్ద స్కేలు దీవించి రాస్తున్నది. ఇక్కడ నా ఎడమ మోకాలు తప్ప తక్కినవన్నీ, తక్కినవాళ్ళందరూ క్షేమం. నువ్వూ మీవాళ్ళూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. నీ ఏడు ఉత్తరాలూ నాకు అందాయి. ఒక్కదానికీ జవాబివ్వలేదు. పాఠ్యపుస్తకాల ప్రెస్సులో, ఆ పటాల గదిలో, ఒకే బల్లకి అటూ ఇటూ కూచుని, పెద్ద స్కేలు, చిన్న స్కేలు అని అందరిచేతా పిలిపించుకుంటూ తొమ్మిదేళ్ళు గీతలు గీసినవాళ్ళం. ఇరవయ్యారేళ్ళు నోరు మెదపకుండా ఊరుకుని, ఇప్పుడేం ముంచుకొచ్చిందక్కా అని నువ్వడిగితే తప్పులేదు. చెబుతాను. ఏ సంగతీ తిన్నగా చెప్పే అలవాటు నాకు లేదని నీకు తెలుసుగా, కాస్త ఓపిక పట్టు.

మోకాలికి ఆపరేషను చేయించుకుని అమ్మాయి ఇంట్లో పడి ఉన్నాను. అమ్మాయి పొద్దున్నే ఉద్యోగానికి పోతుంది. అల్లుడు పళ్ళ డాక్టరు. మంచివాడే, మాట మెత్తన, నా మాత్రలు వేళకి మర్చిపోకుండా ఇస్తాడు. కానీ పగలంతా జనం నోళ్ళలో వేళ్ళు పెట్టి ఇంటికొచ్చిన మనిషి ఏం చేస్తాడనుకున్నావు? విమానం నడుపుతాడు. నాకిచ్చిన గదిలోనే, నా మంచానికి ఎదురుగా మూడు టీవీలు వరసగా పెట్టాడు. చేతికో హ్యాండిలు, కాళ్ళకి పెడల్సు. దాన్ని ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారట. మేజోళ్ళు విప్పి మూలకి విసిరి, ఉత్త కాళ్ళతో ఆ పెడల్సు తొక్కుతూ, ప్రయాణికులందరూ బెల్టులు పెట్టుకోవాలని ప్రకటిస్తాడు. ఉన్న ప్రయాణికురాలిని నేనొక్కదాన్నే, అదీ కాలికి కట్టుతో. చిప్స్ తింటాడు, ఉప్పు వేళ్ళు నాకుతాడు, ఆ వేళ్ళతోనే మళ్ళీ హ్యాండిలు పట్టుకుంటాడు. మీరు డాక్టరు కదా బాబూ అంటే, సొంత నోరే కదా అత్తయ్యగారూ అన్నాడు. నేను మొహం గోడవైపు తిప్పుకున్నాను.

పోయిన వారం కొత్తగా ఓ ఊరు కొన్నాడు. ఊరు కొనడమేమిటంటావా? రెండువేల ఏళ్ళ కిందటి రోము నగరాన్ని మొత్తం కట్టి అమ్ముతున్నారట, దాని మీద మనం విమానంలో తిరగొచ్చట. ఆ రోజుల్లో విమానమేమిటి బాబూ, కిందున్న జనం దడుచుకు చావరూ అన్నాను. జనం లేరండీ, ఖాళీ ఊరే అన్నాడు. నిజమే, వీధుల్లో ఒక్క కుక్క కూడా లేదు.

చూసినదల్లా వెగటే. కొలోసియం వచ్చింది. ఇప్పటి ఫోటోలు ముందేసుకుని కట్టినట్టున్నారు, బయటి గోడ సగం విరిగే ఉంది. కట్టిన కొత్తలోనే కూలిపోయిన గోడ! పుట్టగానే జుట్టు నెరిసిన బిడ్డలా ఉంది దాని వాలకం. అల్లుడికి అవేం పట్టవు. ఊళ్ళోకి నీళ్ళు తెచ్చే ఎత్తు కాలవ ఉంటుందే, దాని కమానుల కిందనుంచి విమానం దూర్చాడు. రథాల పందేల మైదానంలో దించాడు. ఎవరో చక్రవర్తి విజయస్తంభానికి రెక్క తగిలించి, సారీ అన్నాడు. స్తంభానికి! ఎంతమంది వీపులు వంచి మోసిన రాళ్ళో అవి, వాటి మీద ఈ కోతి వేషాలేమిటని ఒళ్ళు మండిపోయింది.

అయినా నా నోరు ఊరుకోదుగా. అతను దారి తప్పి గింగిరాలు కొడుతుంటే చూడలేక, ఆ నెత్తిన కన్నమున్న గుమ్మటం పాంథియన్, దాన్ని వెనక పెట్టుకుని కొలోసియం వైపు రండి, అక్కణ్ణుంచి పందేల మైదానం పొడుగునా పోతే నది తగులుతుంది అన్నాను. అతను పూర్తిగా నావైపు తిరిగాడు. మీరెప్పుడు వెళ్ళారండీ అక్కడికి అన్నాడు. వెళ్ళలేదు బాబూ, గీశాను అన్నాను. అప్పుడు తట్టింది నాకు. మనిద్దరం ఆ ఊళ్ళో ఎన్నడూ కాలు పెట్టలేదు గానీ, గద్ద చూసినట్టు పైనుంచి మాత్రం నాలుగు నెలలు చూశాం. బడి పిల్లల చరిత్ర అట్లాసు, పదకొండో షీటు. ఆ నది ఒంపు నీ చేత్తో మూడుసార్లు గీసి రెండుసార్లు చెరిపావు. టీవీలో ఆ ఒంపు కనబడగానే నీ మెడ మీద జారిపోయే ముడి కూడా గుర్తొచ్చింది. చెప్పొద్దూ, ఓ నిమిషం సంతోషంగానే ఉంది.

నది దాటాం. అవతలి గట్టున, తోటల పక్కన, ఎర్ర కప్పుతో ఓ గుండ్రటి గుడి. ఇంకాస్త కిందకి దించండి అన్నాను. అల్లుడు చిప్స్ పక్కన పెట్టి దించాడు. చుట్టూ స్తంభాలు. లెక్కపెట్టాను. పద్దెనిమిది.

ఇంతలో టీవీలోంచి ఓ ఆడగొంతు ఆ గుడి గురించి చెప్పడం మొదలెట్టింది. పడవలవాళ్ళు సముద్రం మీదికి పోయేముందు ఈ గుడిలో మొక్కుకునేవారట. ఆ స్తంభాల రాయి ఫలానా కొండ నుంచి తెచ్చారట. లోపల దీపం ఏడాదికి ఒక్కరోజే వెలిగించేవారట. ఆ గొంతులో ఎంత నమ్మకమో, ఎంత భక్తో!

ఛీ. నాకెంత అసహ్యం వేసిందో చెప్పలేను. ఆ గుడి ఎక్కడిదో ఈ భూమ్మీద నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు? అది గుడి కాదు, సిరాచుక్క. ఇరవై డిగ్రీలకో చుక్క పెట్టు, స్తంభాల్లా కనబడతాయి అని కోణమానిని నీ చేతికిచ్చింది నేనే. మన అట్లాసు చూసి ఎవరో బొమ్మల పుస్తకం వేశారట, ఆ పుస్తకం చూసి ఎవరో ప్రదర్శనకి నమూనా ఊరు కట్టారట, ఆ నమూనా ఫోటోలు పట్టుకుని వీళ్ళు ఇది కట్టారట. అల్లుడు ఆ రాత్రంతా వెతికి తీశాడు. ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కడికైనా, ఇది ఇక్కడెందుకుంది అని అడగాలనిపించలేదు. పైగా దానికో దీపం, ఓ మొక్కు, ఓ కొండ! ఒకడు ఉమ్మేస్తే ఇంకొకడు దానికి పసుపు కుంకుమ పెట్టినట్టుంది.

అల్లుడు వదల్లేదు. అసలు కథ చెప్పండి అన్నాడు. ఎప్పుడూ అందరికీ చెప్పే తీరులోనే చెప్పాను. అదే నీకూ రాస్తున్నాను. షీటు మర్నాడు అచ్చుకి పోవాలి. నువ్వు భోజనం చేసి వచ్చేసరికి నది అవతల శనగగింజంత సిరాచుక్క పడి ఉంది, నీ పెన్ను పక్కనే ఉంది. అక్కడ అప్పటికే రెండుసార్లు బ్లేడుతో గీకాం, మూడోసారి గీకితే మనం గీసే ప్లాస్టిక్ ఫిల్ముకి చిల్లు పడుతుంది. నువ్వు స్టూలు మీద కూలబడి ఏడ్చావు. నేను కిటికీ దగ్గర్నుంచి వచ్చి, ఇంతోటిదానికి ఏడుపెందుకే, దీన్నో భవనం చేసేద్దాం, ఎవడు పోయి చూడొచ్చాడు అన్నాను. ఇద్దరం కలిసి గుండ్రం చుట్టాం. రెండేళ్ళకి ఓ ప్రొఫెసరు ఈ భవనం ఏమిటని ఉత్తరం రాశాడు. అప్పటికే రెండు ముద్రణలు బళ్ళకి పోయాయి. సూపర్వైజరు మనిద్దర్నీ నిలబెట్టి అడిగితే, చుక్క నాదే, గుండ్రమూ నాదేనండీ అన్నావు. నా పేరెత్తలేదు. నేను నీ పక్కనే నిలబడి నేల చూశాను. కిక్కురుమనలేదు.

ఆ సాయంత్రమే నిన్ను పంపేశారు. పటాల్లో అబద్ధాలు గీసే మనిషి అని పేరు పడ్డాక ఏ ప్రెస్సూ నిన్ను గడప తొక్కనివ్వలేదు. బండ్లకి నంబరు ప్లేట్లు రాస్తున్నానని, చేతులకి రంగు వాసన పోవడం లేదని నీ మూడో ఉత్తరంలో రాశావు. ప్రతి ఉత్తరంలోనూ, ఆ రోజు నువ్వు ఆదుకోకపోతే ఏమైపోయేదాన్నో అక్కా అనీ రాశావు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కంపెనీవాళ్ళకి తప్పులు రాసి పంపితే సరిచేస్తారట. తప్పు ఎలా పుట్టిందో పేర్లతో సహా రాస్తే, ఆ ఊరు కొన్న ప్రతివాడికీ కనబడేలా ప్రకటిస్తారట. అల్లుడు ఉత్సాహం పట్టలేక రెండు పేజీలు రాసేశాడు. చక్కగానే రాశాడు. అందులో నీ పూర్తిపేరు పెట్టి, సిరా ఒలికించి దాన్ని దాచడానికి లేని గుడి గీసిన చిత్రకారిణి అన్నాడు. నన్నేమో, ఇన్నేళ్ళకి నిజం బయటపెట్టిన సీనియర్ చిత్రకారిణి అన్నాడు. అది చదువుతుంటే నోట్లో ఏదో కుళ్ళినది పెట్టుకున్నట్టయింది. కింద సంతకం పెట్టండి అత్తయ్యగారూ అన్నాడు. కాలు సలుపుతోంది, రేపు చూద్దాం అన్నాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ఆ చుక్క పడినప్పుడు మీరు గదిలో ఎక్కడున్నారండీ అని అడిగాడు. ఊరికే అడిగాడు పాపం, రాతలో చేర్చడానికి. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఎక్కడుంటే నీకెందుకయ్యా అని కసిరాను. అల్లుణ్ణి నేను ఏకవచనంలో పిలవడం అదే మొదటిసారి.

అందుకే రాస్తున్నాను. ఒకసారి నీ పేరు నలుగురిలో పోయింది. ఇప్పుడు దేశదేశాల వాళ్ళ ముందు మళ్ళీ పోతుంది. నీకు ఇష్టం లేకపోతే ఆ గుడిని అలాగే వదిలేద్దాం. లేని దేవుడికి లేని పడవలవాళ్ళు మొక్కుకుంటూ ఉంటారు. ఏమంటావో రాయి.

ఇట్లు,
నీ పెద్ద స్కేలు

తా.క. బుధవారం. పై ఉత్తరం ఆదివారమే కవర్లో పెట్టి అంటించాను. ఆ కవరే మళ్ళీ చింపి తీశాను.

ఆ చుక్క నాది. నువ్వు భోజనానికి వెళ్ళగానే నీ స్టూలు మీద కూచుని నీ పెన్ను తీశాను. నీ అక్షరాలు నా అక్షరాలకంటే బాగుంటాయని సూపర్వైజరు ఆ పొద్దున అందరి ముందూ అన్నాడు. పెన్ను మహిమేమో చూద్దామని, కుళ్ళుతో, నది పక్క పేరు మీద ఓ గీత దిద్దబోయాను. చుక్క రాలింది. పెన్ను ఉన్నచోటే పెట్టేసి కిటికీ దగ్గరకెళ్ళి నిలబడ్డాను. నువ్వొచ్చి నీ పెన్నే కారిందనుకుని ఏడిచావు. నేను నీ వీపు నిమిరాను. ఆ చేతిని తలుచుకుంటే ఈ రోజుకీ నాకు రోత. నా తప్పుని నీకు అంటగట్టి, నిన్ను ఆదుకున్నదాన్నై, ఏడు ఉత్తరాల దండాలు అందుకున్నాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు. నాది పోవాలని చెప్పడం లేదు, నీది కానిది నువ్వు ఇన్నాళ్ళూ మోశావని నీకు తెలియాలని.

అల్లుడి చేత ఆ రెండు పేజీల్లోంచి నీ పేరు తీయించి నా పూర్తిపేరు పెట్టించాను. చుక్క, గుండ్రం, మౌనం, మూడూ నావేనని రాయించాను. చదివి అతను గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. అది సోమవారమే వెళ్ళిపోయింది. దేశదేశాల్లో ఎవరెవరో చదువుతారట. దానికి సంతకం అరనిమిషంలో పెట్టేశాను. ఈ కవరు మీద నీ చిరునామా రాయడానికే నాకు రెండు రోజులు పట్టింది.