సిమెంటు ధరల అర్జీలో సాక్షి పేరు కొట్టివేయుట గురించి

కల్బా, 14-03-2024

ధరల పర్యవేక్షణాధికారి గారికి,

అయ్యా,

విషయం: నాలుగు సిమెంటు కంపెనీల ఏకధరపై నేను పెట్టిన మొదటి అర్జీ నుండి సాక్షి పేరు తొలగించుటకు మనవి.

కల్బాలో కఫీల్ (నాకు పూచీ ఉన్న అరబ్బు యజమాని) లైసెన్సు మీద ఏడుగురు పనివాళ్లతో సిమెంటు ఇటుకల యార్డు నడుపుకొంటున్న షేక్ ఖాజా, సొంతూరు రాయచోటి, విన్నవించుకొనునది.

1. గత అక్టోబరు నుండి మా వైపు సిమెంటు అమ్మే నాలుగు కంపెనీలూ ఒకే రోజున, ఒకే గంటలో, ఒకే ధర పెంచుచున్నవి. ఒకరి ధర గిట్టక రెండవవారికి ఫోన్ చేసితిని. "ఇందాక వాళ్లు చెప్పిన ధరే మాదీనూ" అన్నారు. ఇందాక ఎవరిని అడిగానో నేనింకా చెప్పనేలేదు.

2. నాలుగు కంపెనీల సరుకూ తెచ్చునది ఒకే లారీ, ఒకే డ్రైవరు. జగిత్యాల వైపు మనిషి, పేరు మల్లేశ్. సీటు వెనుక నాలుగు రంగుల జాకెట్లు, నాలుగు డెలివరీ పుస్తకాలు. "ఈ పొద్దు ఏ కంపెనీరా నువ్వు?" అని ఏడిపించేవాణ్ణి. "పొద్దుగాల పచ్చది, మాపటికి నీలిది. బట్టీ ఒక్కటే ఖాజాభాయ్, సంచులే వేరు" అని నవ్వేవాడు.

3. సదరు సంగతులు ఫిబ్రవరి 20 నాటి అర్జీలో తమకు తెలిపియున్నాను. నా తప్పు అక్కడే జరిగినది. రాయచోటి రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట పదకొండేళ్లు అర్జీలు రాసిన చేయి ఇది. సాక్షి సంతకం లేని కాగితం చెల్లదని నా పట్టుదల. "నేను ఉత్త డ్రైవర్ని భాయ్, నా పేరెందుకు?" అని మల్లేశ్ బతిమాలినాడు. ఏం కాదులేరా అని నేనే సంతకం పెట్టించినాను. లారీ నంబరు కూడా వేయించినాను. అంతటితో ఊరుకోక, ఎదుటివారికి నకలు ఇచ్చుట పద్ధతి గదా అని నాలుగు కంపెనీలకూ నాలుగు నకళ్లు పంపినాను. నాలుగూ ఒకే ముదీర్, అనగా ఒకే మేనేజరు, బల్ల మీదికి చేరినవి. నా అంత బుద్ధిహీనుడు లేడు అయ్యా.

4. నకళ్లు పంపిన మూడవ రోజు నుండి మల్లేశ్ కనబడుట లేదు. ఫోన్ స్విచాఫ్. పనివాళ్ల క్యాంపులో అతని మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. అడిగితే "ఖలాస్, వో గయా" అని గోడవైపు తిరిగినాడు. లారీ మాత్రం రోజూ వస్తున్నది.

5. నిన్న ముదీర్ స్వయంగా యార్డుకు వచ్చినాడు. చాయ్ తాగి, ఇటుకలు బాగున్నవని మెచ్చుకొన్నాడు. అర్జీ మాటే ఎత్తలేదు. పోతూ పోతూ మా ఏడుగురు పనివాళ్ల పేర్లు, కాగితం చూడకుండా, ఒక్కొక్కటిగా పలికినాడు.

కావున సాక్షి పేరు కొట్టివేసి, చూసినదీ చెప్పినదీ నేనొక్కడినే అని దాఖలు చేసుకొని, మల్లేశ్ ఎక్కడున్నదీ విచారింపజేయ వేడుకొనుచున్నాను. టైపింగ్ సెంటరులో చేయించిన అరబీ ప్రతితో సహా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
షేక్ ఖాజా

తా.క.: కవరు అంటించబోతుండగా మల్లేశ్ భార్య నవత ఊరి నుండి ఫోన్ చేసింది. "అన్నా, ఎవలో ఫోన్ చేసిండ్రు. సక్కటి తెలుగుల మాట్లాడిండ్రు. మీ ఆయన మంచిగనే ఉన్నడు, రెండో అర్జీ పంపొద్దని ఖాజాకు చెప్పు అన్నరు. ఏం అర్జీ అన్నా?"

ఈ అర్జీ ఇంకా నా చేతిలోనే ఉంది అయ్యా. పైన రాసిందంతా కొట్టేయండి. ధరల గురించి నాకేమీ తెలీదు. వాళ్లు ఎంత చెబితే అంతకే కొంటాను. వాణ్ణి ఒక్కసారి ఆ పిల్ల నవతతో మాట్లాడించమనండి.