దీపాల్లేని ర్యామ్

సముద్రం మీద తిరుగుతున్న శ్రీవారికి, నేల మీద నిలబడి ఉన్న మీ ఆవిడ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. పాపకు ముందు పళ్ళు ఊడాయి, ఏం మాట్లాడినా ఈల వేసినట్టుంటోంది. ఓడలో వచ్చేపోయే ప్రయాణికులకు ఫొటోలు తీసీ తీసీ మీ నడుము పట్టేయలేదని, వేళకు తింటున్నారని తలుస్తాను.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటారు. నేను "ఏమండీ" అనేసరికే మీ సిగ్నల్ పోతుంది. పోకపోయినా మీరు నన్ను సగం మాట దాటనివ్వరు. కాగితానికి ఆ బాధ లేదు, మీరెంత అరిచినా దాని మాట అది చెప్పుకుపోతుంది.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. స్టూడియో గదిలో ఏసీ నుంచి నీళ్ళు కారడం ఆగిపోయింది. మీ తమ్ముడు రోజూ వస్తున్నాడా అన్నారు. వస్తున్నాడు. వచ్చి, నేను వీడియోలు ఎడిట్ చేస్తుంటే నా వెనకాల నిలబడి, "వదినా, అక్కడ కట్ చెయ్యకూడదు" అని చెప్పి వెళ్తున్నాడు. ఇక మీరు కంప్యూటర్‌కి పంపిన ర్యామ్ ఎలా పనిచేస్తోందని అడిగారు. కిందటి ఉత్తరంలోనూ అడిగారు. అప్పుడు నేను వానల గురించి రాసి ఊరుకున్నాను. ఈసారి తప్పించుకోను.

ఆ ర్యామ్ ముక్కలు వచ్చిన రోజు ఇంట్లో సందడే సందడి. "ఇది మామూలు మెమరీ కాదు, పరుగులో దీనికి సాటి లేదు" అని మీరు రాసిన చీటీని మీ తమ్ముడు పైకి చదివాడు. కంప్యూటర్ విప్పి పాతవి పీకేసి వీటిని బిగించాడు. స్విచ్ వెయ్యగానే లోపల ఎర్రవి, నీలివి, పచ్చవి దీపాలు! పాప చప్పట్లు కొట్టింది. ఓడ ఆగిన నాలుగు గంటల్లో నాకోసం షాపు వెతుక్కుని కొన్నారని తలుచుకుంటే నాకూ కళ్ళు చెమర్చాయి. ఇది మిమ్మల్ని మెత్తబరచడానికి రాస్తున్నది కాదు, నిజంగానే చెమర్చాయి.

ఆ వారమే వైద్య కళాశాల పని వచ్చింది. వాళ్ళ విద్యార్థుల కోసం ఆపరేషన్లను వీడియో పాఠాలుగా చెయ్యాలి. మీరు ఓడెక్కాక స్టూడియోకి వచ్చిన పెద్ద పని ఇదొక్కటే. ఇది పోతే గదికి తాళం వేసుకోవడమే, మీ తమ్ముడు అప్పుడే అద్దెకు మనుషుల్ని చూస్తున్నాడు కూడా. మొదటి పాఠం గుండె ఆపరేషన్. నాలుగు కెమెరాలతో తీశారు, నాలుగూ తెర మీద ఒకేసారి నడవాలి. డాక్టరమ్మ స్వయంగా వచ్చి నా పక్కన కూర్చుంది. గుండె తెరిచారు. సరిగ్గా అక్కడ కంప్యూటర్ బిగుసుకుపోయింది. దీపాలు మాత్రం దివ్యంగా వెలుగుతున్నాయి.

"ఏమ్మా, మా థియేటర్లో ఇలా ఆగితే ఏమవుతుందో తెలుసా?" అంది డాక్టరమ్మ.

"తెలుసు మేడమ్."

"శుక్రవారం క్లాసులో చూపించాలి. నీ వల్ల కాదంటే ఇప్పుడే చెప్పు, ఇంకో స్టూడియో చూసుకుంటాను."

"అవుతుంది మేడమ్" అన్నాను. ఎలా అవుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఆవిడ వెళ్ళాక మీ తమ్ముడు తాపీగా, "అన్నయ్య పంపింది టాప్ క్లాస్ సరుకు వదినా. లోపం దానిలో ఉండదు. నువ్వే ఏదో తప్పు నొక్కి ఉంటావు" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అతన్ని టీ తాగి రమ్మని పంపేసి, మెమరీ ఎంత వాడుతోందో చూపించే మీటర్ తెరిచి పక్కన పెట్టుకుని, అదే ముక్క మళ్ళీ నడిపాను. నాలుగో కెమెరా మొదలవగానే మీటర్ పూర్తిగా నిండిపోయింది, కంప్యూటర్ ఆగిపోయింది. మళ్ళీ నడిపాను. మళ్ళీ అక్కడే.

అర్థమైందా? మీవి పరుగెత్తడంలో గొప్పవే, కాదనను. కానీ పట్టేది పాతవాటిలో పట్టినంతే. నాకు కావలసింది పరుగు కాదు, చోటు. కత్తి ఎంత పదునుదైనా, తరిగిన ముక్కలు పెట్టుకోవడానికి గట్టు మీద జాగా లేకపోతే ఏం వంట చేస్తాం?

షాపుకు వెళ్ళాను. దీపాల్లేనివి, చవక రకం, కానీ మీవాటికి రెట్టింపు పట్టేవి అడిగి తెచ్చాను. ఇక్కడ నేనూ ఒక తెలివితక్కువ పని చేశాను. మీవి తియ్యడానికి మనసొప్పక, వాటి పక్కనే ఖాళీగా ఉన్న గాడుల్లో వీటిని కూడా గుచ్చాను. తెర నల్లగా ఉండిపోయింది. కంప్యూటర్‌ను ఎత్తుకుని మళ్ళీ షాపుకే పరిగెత్తాను.

"రెండు రకాలు కలిపితే ఒక్కోసారి లేవదక్కా" అన్నాడు షాపతను. "ఏదో ఒకటి ఉంచుకోండి. నన్నడిగితే ఈ దీపాలవే ఉంచుకోండి. ఇవి ఉన్నాయంటే స్టూడియోకి ఓ లెవెలు."

"చూసి మురిసిపోవడానికా బాబూ? ఈ చవకవే ఉంచు" అన్నాను.

మీరు పంపినవి వీటి ఖరీదు కింద అతనికే ఇచ్చేసి ఇవి తెచ్చుకున్నాను. మీ తమ్ముడు ఒంటికాలి మీద లేచాడు. "అన్నయ్యను అడక్కుండా ఎలా ఇచ్చేస్తావు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య వంటగదిలోంచి, "వాడు సముద్రంలో కూర్చుని ఇక్కడి కూరలో ఉప్పు చూస్తాడేంట్రా! పని చేసేది అది, దానికి తెలీదా?" అంది. ఆవిడ నోరు తగ్గకపోవడం ఎంత మంచిదో ఆరోజు తెలిసింది.

గుండె ఆపరేషన్ మొదటినుంచి చివరిదాకా నడిచింది, నాలుగు కెమెరాలూ ఎక్కడా తడబడలేదు. గురువారం డాక్టరమ్మ వచ్చి మొత్తం చూసింది. అయిపోయాక, "మిగతా పాఠాలన్నీ నీకే" అంది.

ఇంతవరకూ అయితే మీరు కాస్త అలిగి, తర్వాత నవ్వి ఊరుకునేవారే. అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

"చివర్లో ఎడిటర్ పేరు వెయ్యాలమ్మా. ఎవరి పేరు?" అని అడిగింది డాక్టరమ్మ. మీ తమ్ముడు ఠక్కున మీ పేరు చెప్పాడు. అతని తప్పేం లేదు. మీరు ఓడెక్కాక కూడా నేను ఎడిట్ చేసిన ప్రతి వీడియో చివరా మీ పేరే పడింది. నా చేత్తో నేనే టైప్ చేసేదాన్ని. మీరు వెయ్యమనలేదు, వద్దనీ అనలేదు. మన ఇద్దరికీ అదే అలవాటైపోయింది.

"ఆయన ఓడ మీద ఉన్నారన్నావుగా?" అంది ఆవిడ నాతో.

మీ పేరు ఉండే చోట నా పేరు టైప్ చేశాను. శుక్రవారం క్లాసులో అంతమంది పిల్లల ముందు, గుండె కుట్టేశాక, తెర మీద నా పేరు వచ్చింది. వెనక బెంచీలో కూర్చుని చూశాను. సిగ్గూ శరం లేకుండా ఏడ్చాను కూడా.

"వచ్చే వేసవికి వచ్చేస్తాను, స్టూడియో నేను చూసుకుంటాను, నువ్వు హాయిగా విశ్రాంతి తీసుకుందువు గానీ" అని రాశారు. ప్రేమతోనే రాశారని తెలుసు. నాకు విశ్రాంతి అక్కర్లేదండీ. త్వరగా రండి, మీరు లేక ఇల్లు ఇల్లులా లేదు. కెమెరా పట్టుకుంటే మీ అంతటివాడు లేడని నేను ఎవరి ముందైనా చెబుతాను. మీరు తియ్యండి, నేను ఎడిట్ చేస్తాను. కెమెరా అన్న చోట మీ పేరు నేనే వేస్తాను, పెద్దక్షరాలతో. ఎడిటింగ్ అన్న చోట మాత్రం వెయ్యను.

ఇట్లు,
మీ ఆవిడ,
ఎడిటర్