నిమ్మకాయలు మార్చిన కారు

శుక్రవారం, మిల్టన్

సమస్త ప్రజానీకానికి తెలియజేయడమేమనగా, మా డ్రైవ్‌వేలో ఉండే కారుకు కట్టిన నిమ్మకాయలు నేటితో పదవీ విరమణ చేసినవి.

కారు మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే స్టూడెంట్ వంశీది. కాలేజీ అయ్యాక అందులోనే ఫుడ్ డెలివరీ చేస్తాడు. ఇవాళ హైవే మీద టైమింగ్ బెల్ట్ తెగి, ఇంజిన్‌లో వాల్వులన్నీ వంగిపోయాయి. నేనే టో చేయించి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఇంటికొచ్చి, "ఒరే, ప్రతి శుక్రవారం నిమ్మకాయలు మార్చావు. ఒక్కసారి బెల్ట్ మార్చి చావలేకపోయావా?" అన్నాను. నా ప్రతి వెటకారానికీ నవ్వేవాడు, ఇవాళ నవ్వలేదు.

"కారు లేకుంటే డెలివరీ లేదు, డెలివరీ లేకుంటే ఫీజు కట్టలేను అంకుల్. చదువు ఆగితే వీసా కూడా పోతది. మెకానిక్ ఏమన్నడు? నడుస్తదా?"

"ఇంజిన్ విప్పి చూస్తాడట. సోమవారం దాకా ఆగమన్నాడు."

వాడు కళ్లు తుడుచుకుని, ఫ్రిజ్‌లోంచి కొత్త నిమ్మకాయలు తీసి దారానికి గుచ్చుతూ కూర్చున్నాడు. సోమవారం కట్టాలట. వద్దనడానికి నోరు రాలేదు. ఎవరినైనా ఆట పట్టించే ఈ నోరే...

నిజానికి మెకానిక్ ఇవాళే చెప్పేశాడు, ఇంజిన్ పనికిరాదు, కారు తుక్కుకు వేసేయమని. ఆ సోమవారం నేను పుట్టించిందే.