ఎడమ చేతి అక్షరాలు

అనసూర్యా, నేను బాగున్నాను, ఫికర్ చేయకు. ఆపరేషన్‌లో కుట్టిన భుజం నరం అతుకుతోంది. కుడి చేయి మెడకు కట్టి ఉంది కాబట్టి ఎడమ చేత్తో రాస్తున్నాను. ఫోన్‌లో చెప్తే నమ్మవని, నీ కళ్లతో చూడాలని కార్డు వేస్తున్నాను.

డాక్టర్ రాసిన యాంటీఆక్సిడెంట్ గోలీలు ఇంట్లోనే ఉన్నాయని నువ్వు సీసా పంపావు కదా. అవి మింగకముందు నా ఎడమ చేతికి కోడి కెలికిన గీతలే వచ్చేవి. నాలుగో రోజు నుంచి అక్షరాలు ఇలా గుండ్రంగా, వెనక్కి వాలి వస్తున్నాయి. నిన్న నన్ను చూడ్డానికి వచ్చిన మా పెద్దక్క బాలవ్వక్క ఇవి చూసి చాయ్ గ్లాసు జారవిడిచింది. "గిది మన రాజం రాత గాదుర? ఆడే గద పుర్రచెయ్యోడు, ఎడమ చేత్తోటి రాసెటోడు!"

పోయిన ఏడాది చనిపోయే ముందు తమ్ముడు రాజానికీ ఇదే ఆపరేషన్ అయింది. దినాల నాడు వాడి మంచం, బట్టలు, మందులు అన్నీ గోదావరి ఒడ్డున వదిలేశామనే అనుకున్నాను. ఆ సీసా ఎవరిదో నిజం రాయి. ఇంకా ఉంటే పంపకు, పారేయి.

పత్తి ఏరడానికి మనుషులు దొరికారా? బిడ్డ మంజులకు నా దీవెనలు.

నీ సాంబయ్య

అటుక మీద ఇత్తడి బిందెల ఇంకో సీస దాచిపెట్టిన. గది గూడ పంపు, వదినె.